చెవి కారేటప్పుడు వేసే యాంటీబయాటిక్-స్టెరాయిడ్ చుక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్య చెవి వాచి చీము కారుతుంటే ఈఎన్‌టీ డాక్టర్లు చుక్కల మందు రాస్తారు. సీసా ఇంటికొచ్చాక మొదలయ్యే సందేహాలకు ఇక్కడ జవాబులున్నాయి. కింద ఇచ్చిన మోతాదులు మామూలుగా వాడేవి. చెవిలోకి లైటు వేసి చూసిన డాక్టరు వేరే లెక్క రాసి ఉంటే ఆ లెక్కే మీది.

ఈ చుక్కల్లో అసలేముంటుంది?

రెండు మందులు. ఒకటి సూక్ష్మక్రిములను చంపే యాంటీబయాటిక్, రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్. అందరికీ తెలిసిన జోడీ సిప్రోఫ్లాక్ససిన్ 0.3 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం. సిప్రోఫ్లాక్ససిన్‌తో ఫ్లూసినోలోన్ 0.025 శాతం కలిపినవీ ఉన్నాయి. పాత తరం సీసాల్లో నియోమైసిన్, పాలీమిక్సిన్, హైడ్రోకార్టిసోన్ ఉండేవి. ఇప్పటికీ అమ్ముతున్నారు, వాటి సంగతి కింద విడిగా చెబుతాం.

స్టెరాయిడ్ క్రిములను చంపదు. చెవిలో మరి దాని పనేమిటంటే, చీము పట్టిన మధ్య చెవి లోపలి పొర ఉబ్బి ఎర్రగా మాంసం ముద్దలా తయారవుతుంది, ఒక్కోసారి రంధ్రంలోంచి బయటికి కూడా పొడుచుకొస్తుంది. దారి అలా మూసుకుపోతే యాంటీబయాటిక్ లోపలికి పోదు, చీము బయటికి రాదు. స్టెరాయిడ్ ఆ ఉబ్బు దించి దారి తెరుస్తుంది. నొప్పి, రసి కూడా త్వరగా తగ్గుతాయి. గ్రోమెట్ (మధ్య చెవిలోని నీరు బయటికి రావడానికి కర్ణభేరిలో అమర్చే బుల్లి గొట్టం) పెట్టిన పిల్లల్లో, మాంసం పెరిగిన చెవుల్లో ఈ లాభం స్పష్టంగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి అప్పుడప్పుడు కారే మామూలు చెవిలో మాత్రం, ఒట్టి యాంటీబయాటిక్ చుక్కల కంటే స్టెరాయిడ్ కలిపినవి బాగా పనిచేస్తాయనడానికి గట్టి రుజువు లేదు. డాక్టరు ఒట్టి సిప్రోఫ్లాక్ససిన్ రాస్తే తక్కువ మందు రాశారనుకోకండి.

పాపకు రాత్రి నుంచి చెవిపోటు. ఇంట్లో ఉన్న ఈ చుక్కలు వేయొచ్చా?

చీము కారడం లేదంటే ఈ చుక్కలతో ఉపయోగం లేదు. మందు వేసే దారికీ వాపు ఉన్న మధ్య చెవికీ నడుమ కర్ణభేరి ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదో వంతే అయినా దాని బయటి వైపున్నది చర్మం. ఆ చర్మాన్ని దాటుకుని యాంటీబయాటిక్ చుక్క లోపలికి వెళ్లదు. జలుబు చేసిన రెండో మూడో రోజు వచ్చే చెవిపోటుకు ముందు కావాల్సింది నొప్పి తగ్గించే మందు. పారాసిటమాల్ సిరప్ పిల్లల బరువును బట్టి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటలకు ఒకసారి. నోటి యాంటీబయాటిక్ అవసరమా, రెండు రోజులు చూడొచ్చా అన్నది వయసు, జ్వరం, రెండు చెవులా ఒకటా అన్నవి చూసి డాక్టరు తేలుస్తారు.

రాత్రంతా గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ తెల్లవారుజామున హఠాత్తుగా నిద్రపోయి, పొద్దున దిండు మీద పసుపు మరక కనిపిస్తే కర్ణభేరి చిట్లి చీము బయటికొచ్చిందని అర్థం. ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి పోయింది. తల్లులు కంగారుపడతారు గానీ ఈ చిల్లు చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే పూడుతుంది. చుక్కల మందుకు దారి ఏర్పడేది కూడా ఇప్పుడే. అయితే జబ్బు కొత్తగా, తీవ్రంగా ఉన్న ఈ అక్యూట్ దశలో చుక్కలతో పాటు నోటి మందు కూడా రాయడం మామూలు.

కర్ణభేరి వెనక చీము లేకుండా జిగురు నీరు మాత్రమే నిలిచే ఇంకో రకం ఉంది. పిల్లాడు టీవీ సౌండ్ పెంచుతుంటాడు, పిలిస్తే పలకడు, నొప్పి ఉండదు. దీనికి ఈ చుక్కలూ వద్దు, యాంటీబయాటిక్ సిరప్పూ వద్దు. మూడు నెలలు గమనించి, తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించి గ్రోమెట్ గురించి ఆలోచిస్తారు.

నోటి మాత్రలు ఉండగా చుక్కలెందుకు?

లెక్క చూడండి. 0.3 శాతం అంటే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు, అంటే 3,000 మైక్రోగ్రాములు. అదే సిప్రోఫ్లాక్ససిన్ మాత్ర మింగితే రక్తంలో చేరేది మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాముల దగ్గరే ఆగుతుంది. కారే చెవిలో తరచుగా కనిపించే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మొండిది, నోటితో వాడే మామూలు యాంటీబయాటిక్‌లు చాలావాటికి లొంగదు. చుక్కలు దాన్ని వందల రెట్ల మోతాదుతో ముంచెత్తుతాయి, కడుపులో తిప్పడం, విరేచనాలు లాంటి బాధలు లేకుండానే.

నెదర్లాండ్స్‌లో గ్రోమెట్ చెవి కారుతున్న 230 మంది పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు వారాల తర్వాత చూస్తే, యాంటీబయాటిక్-స్టెరాయిడ్ చుక్కలు వేసినవారిలో 5 శాతం మందికే ఇంకా కారుతోంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ తాగినవారిలో 44 శాతం, ఏ మందూ వేయకుండా గమనించినవారిలో 55 శాతం. సిరప్‌కూ ఊరికే ఉండటానికీ పెద్ద తేడా లేదన్నమాట. జ్వరం ఉన్నా, చెవి చుట్టూ చర్మం ఎర్రబడి ఉబ్బినా, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నా నోటి మందు తోడవుతుంది.

చుక్కలు వేసే ముందు చెవి శుభ్రం చేయాలా? ఎలా?

చేయాలి. చుక్కలు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. పెద్దవాళ్ల చెవి గొట్టం రెండున్నర సెంటీమీటర్ల పొడవు, పట్టేది సుమారు ఒక మిల్లీలీటరు. అందులో చీము నిండి ఉండగా నాలుగు చుక్కలు, అంటే 0.2 మిల్లీలీటరు వేస్తే మందు చీము మీద తేలి చెంప మీదికి జారిపోతుంది.

ఇంట్లో చేసుకోదగ్గది వత్తి పద్ధతి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ కాటన్ తీసుకోండి. దిండులో కూరే దూది పనికిరాదు, దానికి సహజంగా ఉండే మైనం వల్ల తడి పీల్చదు. సర్జికల్ కాటన్ లేకపోతే ఉతికి ఎండబెట్టిన మెత్తటి పాత నూలు గుడ్డ ముక్క, లేదా తడిస్తే చిరగని గట్టి టిష్యూ కాగితం. చేతులు కడుక్కుని, దీపానికి అడ్డవత్తి చేసినట్టు వేళ్ల మధ్య నలిపి, బొటనవేలంత పొడవున, కొస సన్నగా వచ్చేలా పేనండి. చెవి డొప్పను వెనక్కి లాగి వత్తిని మెల్లగా లోపలికి పోనిచ్చి, అడ్డు తగిలిన చోట ఆపండి. ఒక నిమిషం వదిలేసి తీయండి. తడిసిన వత్తి పారేసి కొత్తది పెట్టండి. వత్తి పొడిగా బయటికొచ్చేదాకా ఇదే పని. బాగా కారే చెవికి ఐదారు వత్తులు పట్టడం మామూలే. రోజుకు మూడుసార్లు చేయాలి, చుక్కలు వేసే ప్రతి పూటా వాటికి ముందు తప్పనిసరి.

ఇయర్ బడ్ మాత్రం వద్దు. దాని దూది తల చీమును పీల్చడం కంటే లోపలికి నెట్టడమే ఎక్కువ చేస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి గురించి చెప్పనే అక్కర్లేదు. సిరంజితో నీళ్లు కొట్టడం కూడా ఇంట్లో చేయొద్దు. చీము గట్టిపడి ఉంటే ఈఎన్‌టీ డాక్టరు మైక్రోస్కోపు కింద సక్షన్ పెట్టి లాగుతారు. ఆ ఐదు నిమిషాల పనితో వారం రోజుల మందు అక్కరకొస్తుంది.

చుక్కలు వేసే సరైన పద్ధతి చెప్పండి.

1. సీసాను గుప్పిట్లో ఒకటి రెండు నిమిషాలు పట్టుకుని ఒంటి వేడికి తెండి. వేడినీళ్లలో పెట్టొద్దు, ఎంత కాగిందో తెలియదు.

2. సీసా మీద సస్పెన్షన్ అని ఉంటే బాగా కుదపండి. కుదపకపోతే అడుగున పేరుకున్న మందు అడుగునే ఉండి పైన తేటనీరు చెవిలో పడుతుంది.

3. కారే చెవి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకోబెట్టండి. కూర్చుని తల వంచితే చాలదు.

4. చెవి గొట్టం వంకరగా ఉంటుంది, దాన్ని సాపు చేయాలి. పెద్దవాళ్లకు డొప్పను పైకి, వెనక్కి లాగండి. మూడేళ్ల లోపు పిల్లలకు తమ్మె పట్టుకుని కిందికి, వెనక్కి.

5. చెప్పినన్ని చుక్కలు వేయండి. సీసా ముక్కు చెవికి తగలకూడదు. తగిలితే చెవిలోని క్రిములు సీసాలోకి చేరతాయి.

6. ఇప్పుడు చాలామంది వదిలేసే పని. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు ఒక చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని వేలితో రంధ్రం మూసుకునేలా నొక్కి వదలండి, ఐదుసార్లు. గొట్టంలో నిలిచిన మందు పంపు కొట్టినట్టు చిల్లులోంచో గ్రోమెట్ లోంచో మధ్య చెవిలోకి దిగుతుంది. గ్రోమెట్ లోపలి బెజ్జం ఒకటింపావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, చుక్క దానంతటదే జారిపోయేంత వెడల్పు కాదది.

7. కనీసం ఒక నిమిషం, కుదిరితే ఐదు నిమిషాలు అలాగే పడుకోవాలి. తర్వాత రెండో చెవి. పసిపిల్లలకు నిద్రపోతున్నప్పుడు వేయడం తేలిక.

లేచాక చెవిలో దూది గట్టిగా కుక్కకండి, వేసిన మందు దూదే తాగేస్తుంది. కారింది తుడవడానికి చెవి అంచున చిన్న ముక్క చాలు.

ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులు?

సిప్రోఫ్లాక్ససిన్-డెక్సామెథసోన్ అయితే గ్రోమెట్ ఉన్న, ఆరు నెలలు దాటిన పిల్లలకు 4 చుక్కలు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. ఒట్టి ఓఫ్లాక్ససిన్ 0.3 శాతం అయితే గ్రోమెట్ ఉన్న 1 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 5 చుక్కలు, రోజుకు రెండుసార్లు, 10 రోజులు. కర్ణభేరికి పాత చిల్లు ఉండి కారే చెవికి, 12 ఏళ్లు దాటినవాళ్లకు 10 చుక్కలు, రోజుకు రెండుసార్లు, 14 రోజులు.

సీసా చాలుతుందో లేదో ముందే చూసుకోండి. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు, కాబట్టి 5 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 100. మొదటి లెక్కకు ఒక చెవికి 56 చుక్కలు చాలు, సీసా మిగులుతుంది. చివరి లెక్కకు 280 కావాలి, అంటే మూడు సీసాలు. ఒక్క సీసా కొని, అయిపోయిన రోజున కోర్సు ముగిసిందనుకునే వాళ్లు చాలామంది. అది ఐదో రోజు.

కారడం మూడో రోజే ఆగినా చెప్పిన గడువు పూర్తి చేయండి. గడువు దాటాక మాత్రం సొంతంగా పొడిగించొద్దు. ఎందుకో ఫంగస్ గురించిన ప్రశ్నలో ఉంది.

చెవిలో వేస్తే గొంతులో చేదుగా అనిపిస్తోంది. తప్పు జరిగిందా?

లేదు, మందు చేరాల్సిన చోటికి చేరింది. మధ్య చెవి నుంచి ముక్కు వెనక్కి, గొంతు పైభాగానికి ఒక సన్నటి నాళం ఉంటుంది. చిల్లులోంచి దిగిన మందు అటు జారి నాలుకకు తగులుతుంది. డాక్టర్లు కూడా దీన్ని మంచి గుర్తుగానే తీసుకుంటారు. పిల్లలు మొహం చిట్లిస్తే కాసిని నీళ్లు తాగించండి.

చుక్క పడగానే గది గిర్రున తిరిగింది.

మందు చల్లగా ఉంటే అలా అవుతుంది. శరీరం తూలకుండా చూసే అరలు మధ్య చెవిని ఆనుకునే ఉంటాయి, అక్కడి ద్రవం ఒక పక్క చల్లబడితే మెదడుకు తల తిరిగినట్టు కబురు వెళ్తుంది. నిమిషం రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేస్తే తప్పదు. సీసా వెచ్చబెట్టినా ప్రతిసారీ తిరుగుతుంటే, గంటల తరబడి తూలుతుంటే, వినికిడి తగ్గితే చుక్కలు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించండి. వేసినప్పుడు కొంచెం చురుక్కుమనడం మామూలు, మంట ప్రతి చుక్కకూ పెరుగుతుంటే మామూలు కాదు.

జెంటామైసిన్ చుక్కలు చవక. అవి వాడకూడదా?

కర్ణభేరి బాగుండి బయటి చెవి గొట్టం మాత్రమే వాచి ఉంటే వాడొచ్చు. చిల్లు ఉన్న చెవిలో మాత్రం మేమైతే వద్దనే అంటాం. జెంటామైసిన్, నియోమైసిన్, టోబ్రామైసిన్ అమైనోగ్లైకోసైడ్ జాతివి. మధ్య చెవికీ లోపలి చెవికీ నడుమ ఉన్న గుండ్రటి కిటికీ లాంటి పలచటి పొర గుండా ఇవి దాటితే వినికిడి కణాలనూ, తూలకుండా చూసే కణాలనూ చంపగలవు. చచ్చిన కణాలు తిరిగి పుట్టవు. మెనియర్ అనే లోపలి చెవి వ్యాధిలో తల తిప్పు ఎంతకీ తగ్గనివాళ్లకు, తూలకుండా చూసే ఆ భాగాన్ని కావాలనే మొద్దుబార్చడానికి మధ్య చెవిలోకి సూదితో ఎక్కించే మందు జెంటామైసినే. ఆ పని అక్కర్లేని చెవిలో రోజుకు మూడుసార్లు దాన్నెందుకు పోయాలి?

చెవి బాగా కారుతున్నప్పుడు ఉబ్బిన పొర కొంత అడ్డుపడుతుంది. కారడం ఆగి ఆరిన చెవిలో ఆ అడ్డు ఉండదు, ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకే తప్పనిసరై ఇచ్చినా రెండు వారాలు మించనివ్వరు, చెవి ఆరగానే ఆపమంటారు. తల్లి వైపు బంధువుల్లో ఎవరికైనా ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చిన చరిత్ర ఉంటే తప్పక చెప్పండి. తల్లి నుంచి వచ్చే ఒక జన్యు లోపం ఉన్నవాళ్లకు ఈ జాతి మందు కొద్దిపాటిదైనా వినికిడి తీసేయగలదు. సిప్రోఫ్లాక్ససిన్, ఓఫ్లాక్ససిన్‌లకు ఈ దోషం లేదు.

నియోమైసిన్‌కు ఇంకో గొడవ ఉంది, చర్మానికి పడకపోవడం. చుక్కలు వేసేకొద్దీ డొప్ప ఎర్రబడి, మందు జారిన దారిలో తమ్మె కింద దాకా దురద, పొక్కులు వస్తాయి. ఇన్ఫెక్షన్ ముదిరిందనుకుని ఇంకా ఎక్కువ వేస్తారు, ఇంకా ఎక్కువవుతుంది.

షాపులో నాలుగు మందులు కలిపిన సీసా ఇచ్చారు. అన్నిటికీ పనిచేస్తుందట.

ఆ సీసాను మన దగ్గర ఏ మందుల షాపులోనైనా చూడొచ్చు. ఒక యాంటీబయాటిక్ (ఓఫ్లాక్ససిన్ లేదా క్లోరాంఫెనికాల్), ఫంగస్‌కు క్లోట్రిమజోల్, స్టెరాయిడ్‌గా బెక్లోమెథసోన్, మొద్దుబార్చడానికి లిగ్నోకైన్. బయటి గొట్టంలో వాపూ ఫంగస్సూ కలిసి ఉన్నప్పుడు దానికో వాడకం ఉంది. చిల్లు ఉన్న చెవికి తగదు. లిగ్నోకైన్ లోపలికి దిగితే గంటల తరబడి వాంతులతో తల తిరుగుతుంది. ఈ సీసాల్లో మందును కరిగించడానికి వాడే ప్రొపిలీన్ గ్లైకాల్ మధ్య చెవి పొరను మండిస్తుంది. గులిమి కరిగించే చుక్కలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి, చిల్లు చెవిలో వేయకూడదు.

స్టెరాయిడ్ కలిసిన జోడీలన్నీ చిల్లు చెవికి తగినవేం కావు. సిప్రోఫ్లాక్ససిన్ 0.2 శాతం, హైడ్రోకార్టిసోన్ 1 శాతం కలిపిన ఒక రకం స్టెరైల్‌గా, అంటే క్రిములేవీ లేకుండా తయారవదు, అది చెక్కు చెదరని కర్ణభేరికి మాత్రమే. పేరులో సిప్రో ఉందని ఒకదాని బదులు ఇంకోటి తీసుకోకండి, లేబుల్ మీద రెండో మందు పేరూ శాతమూ చదవండి.

కంటి చుక్కలు చెవిలో వేయమన్నారు. పొరపాటా?

కాదు. సిప్రోఫ్లాక్ససిన్-డెక్సామెథసోన్ సీసా మీద కంటికి, చెవికి అని రెండూ రాసి ఉండటం మన దగ్గర మామూలే. కంటి మందు స్టెరైల్‌గా చేస్తారు కాబట్టి చెవికి పనికొస్తుంది. చెవికి మాత్రమే అని ఉన్నది కంట్లో వేస్తే మాత్రం కన్ను దెబ్బతింటుంది. అలాగే ఒకే సీసాను చెవిలో వేసి ఇంట్లో ఇంకొకరి కంట్లో వేయొద్దు.

స్టెరాయిడ్ అంటే భయం. మాకు షుగర్ కూడా ఉంది.

0.1 శాతం అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. నాలుగు చుక్కల్లో 0.2, రెండు పూటలా కలిపి ఒక చెవికి 0.4 మిల్లీగ్రాము. అందులోనూ సగానికి పైగా చెంప మీదికే పోతుంది. వారం రోజులకు దీంతో షుగర్ చెప్పుకోదగ్గంత పెరగదు. షుగర్ ఉన్నవాళ్లు భయపడాల్సింది వేరే ఉంది. వయసు మళ్లిన షుగర్ మనిషికి చెవిలో లోతుగా, రాత్రి నిద్ర పట్టనివ్వనంత నొప్పి ఉండి చుక్కలకు తగ్గకపోతే అది ఎముకకు పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. దానికి వారాల తరబడి ఇంజెక్షన్లు పడాలి, చుక్కలతో కాలయాపన చేయకూడదు.

స్టెరాయిడ్ చుక్కలు అసలు వేయకూడని చోట్లున్నాయి. చెవిలో, డొప్ప మీద నీటిపొక్కులతో నొప్పి ఉంటే అది హెర్పిస్ జాతి వైరస్ కావచ్చు. ఫంగస్ ఉన్నా, చెవి క్షయ ఉన్నా వద్దు. నొప్పి లేకుండా కారుతూ, కర్ణభేరికి ఒకటికి మించి చిల్లులుండి, ఏ మందుకూ లొంగని చెవిలో క్షయను అనుమానించాలి.

గర్భంతో ఉన్నాను, వేసుకోవచ్చా?

రక్తంలోకి చేరేది అత్యల్పం. అయినా డాక్టరుకు చెప్పి వాడండి. బిడ్డకు పాలిస్తున్నవాళ్లకూ అంతే.

దురద మొదలైంది, చెవిలో నల్లటి పొడిలా కనిపిస్తోంది.

ఫంగస్ పట్టింది. తడిసిన కాగితపు గుజ్జులాంటి తెల్లటి ముద్ద, దాని మీద నల్లటి చుక్కలు, చెవి దిబ్బడ, ఆగని దురద. యాంటీబయాటిక్ చెవిలోని మామూలు క్రిములను కూడా చంపేస్తుంది, స్టెరాయిడ్ అక్కడి నిరోధాన్ని తగ్గిస్తుంది, ఖాళీ అయిన తడి నేలలో బూజు మొలుస్తుంది. వానాకాలంలో, కోస్తా ఉక్కపోతలో మరీనూ. వారం మందును నెలన్నర లాగినవాళ్లలో ఎక్కువగా చూస్తాం.

చుక్కలు ఆపి డాక్టరు దగ్గర ఆ ముద్దను శుభ్రంగా తీయించుకోవాలి. అది తీయకుండా క్లోట్రిమజోల్ పోసినా పైపైనే పోతుంది. చిల్లు ఉన్న చెవికి ఏ ఫంగస్ మందు వాడాలో, గొట్టంలో పూత పూయాలో డాక్టరే ఎంచాలి.

రెండు వారాలు వేసినా కారుతూనే ఉంది.

మందు మార్చే ముందు కారణం వెతకాలి. మొదటిది మందు చేరకపోవడం: వత్తి పెట్టలేదు, పడుకోలేదు, బుడిపె నొక్కలేదు. రెండోది తలస్నానం నీళ్లు. మూడోది ఫంగస్. గ్రోమెట్ ఉంటే దాని బెజ్జం ఎండిన రక్తంతోనో చీముతోనో పూడి ఉండొచ్చు. చిల్లుకు అడ్డంగా మాంసం పెరిగి ఉండొచ్చు.

అసలు భయం కొలెస్టియటోమా. మధ్య చెవిలోకి చర్మం పాకి, పొరలు పొరలుగా సంచి కట్టి ఎముకను తినే జబ్బు. కారేది కొంచెమే, దుర్వాసన మాత్రం పక్క మనిషికి తెలిసేంత. చుక్కలు వేసినన్నాళ్లు తగ్గినట్టుంటుంది, ఆపగానే మళ్లీ మొదలు. దీనికి ఆపరేషనే మందు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు అదే సీసా కొంటున్నారంటే మైక్రోస్కోపు కింద చూపించుకున్నారా లేదా అని మీరే అడగాల్సిన సమయం వచ్చింది.

కల్చర్ రిపోర్టులో సిప్రోఫ్లాక్ససిన్‌కు రెసిస్టెంట్ అని వచ్చింది. ఆపేయాలా?

చీమును ల్యాబులో పెంచి ఏ మందుకు క్రిమి లొంగుతుందో చూసేది కల్చర్, లొంగదని తేలితే రెసిస్టెంట్ అంటారు. వెంటనే ఆపక్కర్లేదు. ల్యాబులు ఆ ముద్ర వేసేది రక్తంలోకి చేరే మోతాదు లెక్కన, మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములు. చెవిలో మీరు వేస్తున్నది 3,000. ల్యాబులో లొంగని క్రిమి చాలాసార్లు చుక్కలకు లొంగుతుంది. చెవి ఆరుతుంటే రిపోర్టును పట్టించుకోకుండా కొనసాగిస్తారు. ఆరకపోతేనే రిపోర్టు చూసి మారుస్తారు.

తలంటు, నూనె, వెల్లుల్లి?

కారే చెవిలో ఏదీ పోయొద్దు. వెల్లుల్లి కాచిన నూనె, గోరువెచ్చటి కొబ్బరినూనె, చనుబాలు, ఆకు పసరు, అన్నీ చిల్లులోంచి మధ్య చెవికి చేరి క్రిములకు తిండవుతాయి. కాగిన నూనెతో చర్మం బొబ్బలెక్కిన చెవులూ వస్తుంటాయి. బాలింతల ఇళ్లలో స్నానం పోసిన తర్వాత పసిబిడ్డ చెవుల్లో నూనె చుక్క వేసి నోటితో ఊదే అలవాటు కూడా మానాలి.

స్నానానికి ముందు దూది ఉండకు వాజలీన్ బాగా పట్టించి చెవి ద్వారంలో అడ్డం పెట్టండి, స్నానం కాగానే తీసేయండి. చెవి ఆరేదాకా చెరువు, బావి, స్విమ్మింగ్ పూల్ ఈతలు లేవు. ఇయర్‌ఫోన్లు కూడా పక్కన పెట్టండి.

ఎలాంటప్పుడు చుక్కలు పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి?

చెవి వెనక ఎముక మీద వాపు వచ్చి డొప్ప ముందుకు తోసుకొస్తే. మూతి వంకరపోయినా, ఒక కన్ను మూతపడకపోయినా. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత, ఫిట్స్ ఉంటే. హఠాత్తుగా చెవి వినపడకపోయినా, లేవలేనంత తల తిరుగుతున్నా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

కారడం ఆగింది. చిల్లు పూడుతుందా?

జలుబుతో కొత్తగా పడిన చిన్న చిల్లు చాలావరకు పూడుతుంది. మూడు నెలలు దాటినా అలాగే ఉన్నది, ఏళ్ల నాటిది దానంతటది పూడటం అరుదు. చుక్కలు చీమునే ఆపుతాయి, చిల్లును పూడ్చవు. చెవి కొన్ని వారాలు పొడిగా ఉన్నాక వినికిడి పరీక్ష చేసి, కండరం మీది పలచటి పొరతో అతుకు వేసే టింపనోప్లాస్టీ చేస్తారు. జిల్లా ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో, విశాఖపట్నం ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఎర్ర మూత సీసా, తెల్ల సీసా అని చెబితే ఏ డాక్టరుకూ ఏమీ తెలియదు.

సగం సీసా మిగిలింది, మళ్లీ కారితే వాడుకోవచ్చా?

మూత తీసిన రోజు తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. నెల దాటితే పారేయండి, ముద్రించిన గడువు ఇంకా ఏడాది ఉన్నా సరే. ఆ గడువు సీలు తీయని సీసాకు.